మామయ్య ఇచ్చిన కెమెరా, అల్లుడు దాచిన లెక్క

కాకినాడ నుంచి ఒక పాఠకుడు అయిదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కొంత ఆయన మాటల్లోనే, కొంత నేను కుదించి చెబుతున్నాను.

ఆయనకు 42 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం. భార్య ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతారు. ఎనిమిదో తరగతి చదివే కూతురు ఉంది. 2021లో సరదాకి ఒక పాత జెనిత్ కెమెరా కొన్నారు. సోవియట్ కాలం నాటిది. రీలు వేయాలి, చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి, ఒక్కో ఫోటోకీ మీట లాగాలి. అక్కడితో ఆగలేదు. ఇప్పుడాయన దగ్గర 11 బాడీలు (లెన్సు తీసేసిన కెమెరాలు), 19 లెన్సులు ఉన్నాయి. పెంటాక్స్ కె1000, స్పాట్‌మాటిక్, కెనాన్ ఏఈ-1, యాషికా ఎలక్ట్రో 35, జెనిత్‌లు రెండు... జాబితాకే ఒక పేజీ పట్టింది. మొత్తం ఖర్చు 1,70,000 రూపాయలు. భార్యకు తెలిసింది ముప్పై వేలే. పార్సిళ్లు బ్యాంకు అడ్రసుకే తెప్పించుకుంటారు. పొరపాటున ఇంటికొచ్చినవి కూతురు తీసుకుని స్కూటర్ డిక్కీలో పెడుతుంది. "అమ్మకు చెప్పకు" అని తండ్రీకూతుళ్ల ఒప్పందం. క్రెడిట్ కార్డు మీద నెలకు 6,200 చొప్పున ఇంకా ఏడు వాయిదాలు ఉన్నాయి. ఈ నాలుగేళ్లలో వాడింది తొమ్మిది రీళ్లు.

ఇక రెండో చిక్కు. భార్యకు బాబాయి అయ్యే పెద్దమనిషి సామర్లకోటలో ఫోటో స్టూడియో నడిపేవారు. డిజిటల్ వచ్చాక గిరాకీ తగ్గి 2009లో మూసేశారు. పెళ్లిళ్లకు తిప్పిన నికాన్ ఎఫ్ఎం2నీ, నాలుగు లెన్సులనీ 2022లో ఈయన చేతికిచ్చి, "నా దగ్గర బూజు పట్టిపోతోంది అల్లుడూ, నీకైతే దీని విలువ తెలుసు, తీసుకెళ్లు" అన్నారు. ఈయన దాన్ని హైదరాబాద్ పంపి 7,500 పెట్టి సర్వీసు చేయించుకున్నారు. మొన్న సంక్రాంతికి ఆ చినమామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. పోయిన నెల ఒక గృహప్రవేశంలో ఆయన కొడుకు పదిమంది మధ్యలో, "అరవై వేల సామాను మా నాన్న అమాయకుడని ఊరికే పట్టుకుపోయారు" అన్నాడట. దారి పొడుగునా భార్య ఏడ్చింది. ఇంటికొచ్చాక "మీ ఇష్టం, నన్ను మాత్రం ఏమీ అడక్కండి" అంది.

ఆయన అడిగినవి ఇవీ: కెమెరా ఎవరిది? తిరిగి ఇచ్చేయాలా? భార్యకు అసలు లెక్క చెప్పాలా? నాది వ్యసనమా? కింద తాజా కలం: "ఒకాయన రోలీఫ్లెక్స్ కెమెరా నలభై వేలకు ఇస్తానంటున్నాడు. ఆదివారం లోపు చెప్పమన్నాడు. తీసుకోమంటారా?"

అయ్యా, మీ తాజా కలం దగ్గర నవ్వు ఆగలేదు. దాని సంగతి చివర్లో చూద్దాం.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. కెమెరా మీదే. కదిలే వస్తువును ఇష్టపూర్వకంగా చేతికి అందిస్తే దానం పూర్తయినట్టేనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. కాగితం అక్కర్లేదు. కానీ ఈ సెక్షన్ పట్టుకుని బావమరిది దగ్గరికి వెళ్తే మీరు గెలుస్తారు, మీ ఆవిడ పుట్టింటి గడప దగ్గర ఓడిపోతుంది. అందుకే చట్టాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న సంగతి ఒకటుంది. స్పాట్‌మాటిక్ మీది టకుమార్ లెన్సు అద్దం పసుపు తిరగడం గురించి అర పేజీ రాశారు. మామయ్యకు రోజూ ఫిజియోథెరపీ నడుస్తోందనీ, రోజుకు 500 అవుతోందనీ మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. బావమరిదికి ఆ కెమెరా మూడేళ్లు గుర్తు రాలేదు. తండ్రి మంచాన పడి, నెలకు పదిహేను వేలు ఒక్క ఫిజియోకే వెళ్లడం మొదలయ్యాక గుర్తొచ్చింది. అతను పదిమందిలో అన్న మాట తప్పే, దాన్ని నేను సమర్థించను. అయితే చెయ్యి చాచి అడగలేని వాడు ఒక్కోసారి నింద వేసి అడుగుతాడు. మీ ఆవిడకు ఈ సంగతి ఎప్పుడో అర్థమై ఉంటుందని నా అనుమానం. ఆవిడ ఏడ్చింది తమ్ముడి మాటకు మాత్రమే కాకపోవచ్చు.

అరవై వేలన్న మాటను మాత్రం తేల్చుకోవాలి, లేకపోతే ఆ అంకె అలాగే ఊరేగుతుంది. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చిన అఫ్గాన్ బాలిక ఫోటోను స్టీవ్ మెక్‌కరీ తీసింది ఎఫ్ఎం2 మీదే, 105 ఎంఎం ఎఫ్/2.5 లెన్సుతోనే. అమ్మేవాళ్లందరూ ఈ కథ చెప్పి ధర పెంచుతారు. బావమరిది ఆన్‌లైన్‌లో చూసింది అడిగే ధర. అమ్ముడుపోయే ధర వేరుగా ఉంటుంది. పెళ్లిళ్లలో నలిగిన బాడీకి, అద్దాల బీరువాలో కూర్చున్న బాడీకి ఉన్నంత తేడా అది. షట్టర్ స్పీడ్ డయల్ చూడండి. 'ఎక్స్200' అని ఉంటే 1982 నాటి మొదటి రకం, 250 అంకె ఎర్రగా ఉంటే 1984లో వచ్చిన ఎఫ్ఎం2ఎన్. వెనక తలుపు తెరిచి షట్టర్ రేకుల మీద తేనెపట్టు గళ్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే పాత టైటానియం రేకులు. వేలు మాత్రం పెట్టకండి, అవి కాగితం కంటే సున్నితం. మామయ్య ఇచ్చిన లెన్సుల్లో 28 ఎంఎంది 0.2 మీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంటే మంచి ఏఐ-ఎస్ రకం, 0.3 దగ్గర ఆగిపోతే బహుశా చవకైన సిరీస్-ఈ. 105 ఎంఎం లెన్సు అద్దం శుభ్రంగా ఉంటే ఎప్పుడైనా కొనేవాళ్లు ఉంటారు. 35-105 జూమ్‌కు ఫంగస్ పట్టిందని మీరే రాశారు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి. మీకు నచ్చిన మెకానిక్ ఒకడు, మీకు సంబంధం లేని దుకాణం ఒకటి, ఇద్దరితోనూ ధర కాగితం మీద రాయించండి. సర్వీసుకు పెట్టిన 7,500 ఆ లెక్కలో కలపకండి. అది మీ ముచ్చటకు పెట్టుకున్న ఖర్చు, మామయ్య పెట్టమనలేదు.

ధర తెలిశాక మీ ముందు దారులు ఉన్నాయి. కెమెరా, లెన్సులు మొత్తం తిరిగి ఇచ్చేయడం ఒకటి. గొడవ ఆ పూటకు ఆగుతుంది. కానీ 'పట్టుకుపోయారు' అన్న మాటను మీరు ఒప్పుకున్నట్టూ అవుతుంది. అతను దాన్ని అమ్మేస్తాడు, అమ్మిన సంగతి మామయ్యకు తెలుస్తుంది. తాను బతికుండగానే తన కెమెరా బేరానికి వెళ్లిందని ఆయన ఏమనుకుంటారో మీరే ఆలోచించండి. మనస్ఫూర్తిగా ఇవ్వగలిగితేనే ఈ దారి పట్టండి. పళ్లు కొరుకుతూ ఇస్తే రేపు మీ ఆవిడను ఆ మాటతోనే దెప్పుతారు, నాకు అనుమానం లేదు.

ఏమీ చేయకుండా ఊరుకోవడం ఇంకొకటి. దీనికి ఖర్చు లేదు. కాకపోతే వచ్చే ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో మీ ఆవిడ ఆ మాట మళ్లీ వినాల్సి వస్తుంది, మీరు కాదు.

కెమెరా ఉంచుకుని డబ్బు ఇవ్వడం మూడోది. నా మొగ్గు ఇటే, కాకపోతే ఒక మెలిక ఉంది. దాన్ని కెమెరా ధర అని ఇవ్వకండి. ధర అన్నారంటే మామయ్య ప్రేమగా ఇచ్చింది మూడేళ్ల తర్వాత అమ్మకం అయి కూర్చుంటుంది. బావమరిది అరవై అంటాడు, మీరు ముప్పై అయిదు అంటారు, బేరం మొదలవుతుంది. మామయ్య వైద్యానికి అని ఇస్తే ఎవరూ బేరమాడలేరు. ఒకేసారి ఇవ్వలేకపోతే ఫిజియోథెరపిస్టుకు నెలనెలా మీరే నేరుగా కట్టండి. అప్పుడు ఎవరికి ఎంత ఇచ్చారన్న చర్చే రాదు. ఎన్ని నెలలు కట్టగలరో ముందే చెప్పండి. చూద్దాంలే అన్న మాట ఇలాంటి చోట పనికిరాదు. అయితే బావమరిది దీంతో తృప్తి పడతాడని హామీ ఏమీ లేదు. కెమెరా కూడా కావాలనవచ్చు. అప్పుడు 105 లెన్సు ఒక్కటీ ఇచ్చి మిగతాది ఉంచుకోవడం లాంటి రాజీకి తయారుగా ఉండండి.

ఇంతకీ మామయ్యను ఎవరైనా అడిగారా? మీ ఉత్తరంలో అందరి మాటలూ ఉన్నాయి, ఆయన మాట లేదు. మాట ముద్దగా వచ్చినా మనిషికి అన్నీ తెలుస్తున్నాయని మీరే రాశారు. అలాగని వెళ్లి "ఇది నాకా, మీ వాడికా?" అని అడగకండి. జబ్బు మనిషిని కొడుకుకీ అల్లుడికీ మధ్య తీర్పరిగా కూర్చోబెట్టడం అన్యాయం. ఊరికే కెమెరా పట్టుకెళ్లండి. ఒక సంగతి గుర్తుంచుకోండి, ఎఫ్ఎం2లో రీలు తిప్పే మీట, షట్టర్ బటన్ రెండూ కుడి చేతి వైపే ఉంటాయి. పక్షవాతం వచ్చిన చేతికి దాన్ని అందిస్తే ఆయన్ని బాధపెట్టినట్టు. ట్రైపాడ్ మీద పెట్టండి, షట్టర్ బటన్ మధ్యలోని మరలో కేబుల్ రిలీజ్ (బటన్‌ను దూరం నుంచి నొక్కే తీగ) బిగించండి. రెండు మూడు వందలకు దొరుకుతుంది. దాని రెండో కొసను ఆయన ఎడమ చేతికి ఇవ్వండి. ఫోకస్ మీరు తిప్పండి, ఎపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎంత పెట్టాలో ఆయన్ని వేళ్లతో చూపించమనండి. నలభై వేల పెళ్లి ఫోటోలు తీసిన మనిషికి అది మీ కంటే బాగా తెలుసనుకుంటాను. అంకె నాది, కానీ పెద్ద తప్పి ఉండదు. అక్కడ బావమరిది కూడా ఉంటే మరీ మంచిది.

ఇవన్నీ చేయాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే మీ ఆవిడకు లెక్క తెలియాలి. దీన్ని తప్పించుకుని ముందుకు వెళ్లే దారి నాకు కనిపించలేదు.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం గట్టిగానే అనాలి. భర్త ఖర్చు దాచడం చాలా ఇళ్లలో ఉన్నదే. ఆడవాళ్లూ పోపుల డబ్బాలో దాస్తారు, దానికి మనం ముచ్చటగా కథలు చెప్పుకుంటాం. కానీ మీరు పదమూడేళ్ల పిల్లను ఇందులోకి దింపారు. "నాన్నా, ఇంకోటి వచ్చింది, డిక్కీలో పెట్టా" అని పాప అంటుందని మీరు ముచ్చటగానే రాశారు. ఆ పాప తల్లి కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం నేర్చుకుంటోంది. పైగా అది నాన్న మీద ప్రేమతో చేస్తోంది. రేపు ఈ సంగతి బయటపడిన రోజున మీ ఆవిడకు లక్షా డెబ్భై వేల కంటే ఇదే ఎక్కువ నొప్పి. బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది డబ్బే, ఇది కనిపించదు. అందుకని దీన్ని మీ నోటితోనే చెప్పాలి.

ఎలా చెప్పాలంటే, ఒక కాగితం మీద అన్నీ రాయండి. ఏది ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, కార్డు మీద ఇంకా కట్టాల్సింది ఎంత. ఏడు వాయిదాలు కలిపితే 43,400 అవుతుంది, ఆ అంకె అడుగున వేయండి. సగం చెప్పి సగం మింగడం అన్నిటికంటే చెడ్డది. నాలుగు నెలల తర్వాత ఇంకో పార్సిలు సంగతి బయటపడితే మొదటి ఒప్పుకోలుకు కూడా విలువ ఉండదు. సామర్లకోట వెళ్లే దారిలో చెప్పకండి, మీ అమ్మగారి ముందు చెప్పకండి. పిల్ల బడికి వెళ్లాక, ట్యూషన్ పిల్లలు రాక ముందు, ఒక సెలవు పెట్టుకుని చెప్పండి. ఆవిడ కోప్పడితే కోప్పడనివ్వండి. ఆవిడ కొన్న గాజుల సంగతి, పుట్టింటికి పెట్టిన ఖర్చు సంగతి ఆ పూట తేవద్దు. ఆ తర్వాత పాపను పిలిచి, తల్లి ముందే, "తప్పు నాది, నీది కాదు, ఇక నువ్వేదీ దాచక్కర్లేదు" అని చెప్పండి.

ఆవిడ "అన్నీ అమ్మేయండి" అనవచ్చు. తప్పు చేశానన్న బరువులో వెంటనే సరేనని తలూపకండి. వారంలో అమ్మితే సగం ధరకు పోతాయి, ఆ కసి మళ్లీ ఇంట్లోనే తీరుతుంది. మూడు నెలలు గడువు అడగండి. ఏవి ఉంచాలి, ఏవి అమ్మాలి అన్నది ఇద్దరూ కూర్చుని తేల్చండి.

ఆ విషయంలో నా అభిప్రాయం చెబుతాను, తీసుకుంటే తీసుకోండి. మీరు బాడీలు పోగేశారు, పైగా మౌంటు (లెన్సును బాడీకి బిగించే అమరిక) మీద మౌంటు పోగేశారు. కెనాన్ లెన్సు పెంటాక్స్‌కు ఎక్కదు, పెంటాక్స్‌ది నికాన్‌కు ఎక్కదు. రెండు మౌంట్లు ఉంచుకుంటే చాలు. నికాన్ మామయ్యది. దాని షట్టర్‌కు బ్యాటరీ అక్కర్లేదు, వెలుగు కొలిచే మీటర్‌కు మాత్రమే రెండు బటన్ సెల్స్ కావాలి. రెండోది ఎం42 మర మౌంటు. స్పాట్‌మాటిక్ బాడీ ఒక్కటి ఉంటే టకుమార్ ఎక్కుతుంది, జెనిత్‌తో వచ్చిన హీలియోస్ 44-2 లెన్సు కూడా ఎక్కుతుంది. వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు వచ్చే బొమ్మ హీలియోస్‌తోనే కదా మీకు ఇష్టం, దానికి రెండు జెనిత్ బాడీలు ఎందుకు? ఏఈ-1, ఎలక్ట్రో 35 రెండూ బ్యాటరీ మీద బతికేవి, సర్క్యూట్ పోతే బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. పనిచేస్తున్నప్పుడే అమ్మండి. షట్టర్ నొక్కితే ఏఈ-1 కీచుమంటుంటే ఆ మాట దాచకుండా రాసి అమ్మండి. ఇక టకుమార్ పసుపు సంగతి. పాత 50 ఎంఎం ఎఫ్/1.4 రకాల్లో థోరియం కలిపిన అద్దం వాడారు, ఏళ్లు గడిచేకొద్దీ అది పసుపెక్కుతుంది. అల్ట్రావయొలెట్ దీపం కింద గానీ, ఎండ పడే కిటికీలో గానీ కొన్నాళ్లు ఉంచితే ఆ పసుపు చాలావరకు తగ్గిపోతుంది. ఎండ అద్దంలోంచి వెళ్లి కింద ఏదైనా అంటుకోకుండా వెనక రేకు పెట్టండి. విప్పడం, గీకడం మాత్రం చేయకండి.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అన్నీ తోలు కేసుల్లో పెట్టి ఇనప బీరువాలో దాచానని రాశారు. కాకినాడ గాలిలో, వానాకాలంలో, తోలు కేసు అంటే ఫంగస్‌కు పరుపు వేసినట్టే. కేసుల్లోంచి తీసేయండి. మూత గట్టిగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ చూపే చిన్న మీటర్ ఒకటి పెట్టండి. 40, 50 శాతం మధ్య ఉంటే సరి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఫంగస్ పట్టిన జూమ్‌ను విడిగా ఉంచండి, దాని మీద డబ్బు తగలేయకండి. మిగతా లెన్సుల్లోకి వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి, సాలెగూడు పోగుల్లా ఏమైనా కనిపిస్తే తొందరగా శుభ్రం చేయించండి. ఆలస్యమైతే అది అద్దం పూతను తినేస్తుంది, ఆ తర్వాత తుడిచినా మచ్చ పోదు.

వ్యసనమా అని అడిగారు. నేను వైద్యుణ్ని కాను, మీ లెక్కనే మీకు తిరిగి చూపిస్తాను. రీలుకు 850, కడిగించి స్కాన్ చేయించడానికి 450 అని రాశారు. అంటే 36 ఫోటోల రీలు 1,300, ఒక్కో నొక్కుకు 36 రూపాయలు. మీరు కెమెరాల మీద పెట్టిన డబ్బుతో 130 రీళ్లు వచ్చేవి. వాడింది తొమ్మిది. కెమెరాల ఖర్చును ఆ 324 ఫోటోల మీద పంచితే ఒక్కోటి 525 రూపాయలు పడింది. మీకు ఇష్టమైంది ఫోటో తీయడమా, రాత్రి పదకొండింటికి ఫోన్లో వెతకడమా? వెతకడమే అయితే అదీ నేరం కాదు, అదొక సేకరణ. కాకపోతే దాన్ని ఫోటోగ్రఫీ అని పిలిచి మీకు మీరే మినహాయింపు ఇచ్చుకోకండి. కార్డు వాయిదాలు తీరేదాకా, అంటే ఏడు నెలలు, ఏమీ కొననని పెట్టుకోండి. ఉన్న రెండు మూడు కెమెరాలతో నెలకొక రీలు తీయండి. అంత డబ్బు కూడా వద్దనుకుంటే, ఇదే పాత లెన్సులను చిన్న అడాప్టర్‌తో ఏ మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరాకైనా తగిలించవచ్చు, ఫోకస్ ఎంత దూరానికైనా బాగానే పడుతుంది. మీటలో ఉన్న మజా దానిలో రాదని మీరంటారు, నిజమే. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడుక్కోవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. రీలు కడిగే మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలని డబ్బా మీద రాసి ఉంటుంది. మన కుళాయి నీళ్లు మే నెలలో ఎలా ఉంటాయో తెలుసుగా, ఫ్రిజ్ నీళ్లు కలుపుకోవాలి. పాపకు ఏదైనా నేర్పాలనుంటే ఇది నేర్పండి, పార్సిళ్లు దాచడం బదులు.

ఏడు నెలలు కొనకుండా ఉండలేకపోయారా, లేక కొని మళ్లీ దాచారా, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయకండి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి.

ఇక రోలీఫ్లెక్స్, ముందు వైపు ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులుండే కెమెరా. ఆదివారం లోపు చెప్పమన్న మనిషికి ఇవాళే వద్దని చెప్పేయండి. గడువు పెట్టి అమ్మేవాడికి మీ బలహీనత తెలిసిందన్నమాట. 1929లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు తయారుచేసిన కెమెరా అది, ఇది పోతే ఇంకొకటి దొరక్కపోదు. మామయ్య వైద్యం సర్దుకుని, కార్డు తీరి, మీ ఆవిడకు తెలిసి కొనే రోజు వస్తే కొనండి. అప్పుడు చూడాల్సింది పై లెన్సు కాదు, అది మీరు చూసుకోవడానికి మాత్రమే. ఫోటో తీసేది కింది లెన్సు, టార్చి దాంట్లోకి వేయండి. షట్టర్‌ను ఒక సెకను మీద పెట్టి నొక్కి వినండి. మధ్యలో తడబడితే సర్వీసు ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.